ఎర్రచుక్క వెనక ముల్లు

గంటసేపు ముల్లు వైపే చూస్తూ కూర్చోమంది మెకానిక్ అమ్మాయి. ముల్లు కిందికి జారితే గోడలో ఎక్కడో పైపు కారుతున్నట్టు, జారకపోతే పైపులన్నీ బాగున్నట్టు, అంతే బాబాయ్ గారూ, ఇందులో బ్రహ్మవిద్యేం లేదు, పదకొండింటికి నేనే ఫోన్ చేస్తా అని పెట్టేసింది. అప్పటికి పది దాటి రెండు నిమిషాలు. వంటింటి మూల, గోడకు బిగించిన బాయిలర్ కింద, మాస్టారు రెండు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. నీళ్ల ఒత్తిడి చూపే ముల్లున్న మీటరు కోటు బొత్తాం కంటే కాస్త పెద్దది. బాయిలర్ అడుగున నేలచూపులు చూస్తూ ఉంటుంది. దాన్ని చూడాలంటే ఎంతటివాళ్లయినా మోకాళ్ల మీద కూర్చుని మెడ పక్కకు వాల్చాల్సిందే. దీన్ని ఇక్కడ పెట్టినవాడెవడో గానీ మనిషి మెడ ఎటు తిరుగుతుందో తెలియనివాడు, అని ఆయన భార్య అనేది. అనేది. ఈ మాటకు ఆయన ఇంకా అలవాటు పడలేదు. ఏడు వారాలుగా ఆమె గురించిన ప్రతి వాక్యం చివరికి వచ్చేసరికి అడుగు తప్పినట్టుంటుంది. ముల్లు జారాలి. జారిపో, అనుకున్నాడు మాస్టారు. గోడ లోపల ఒక పైపు తుప్పుపట్టి, చిల్లుపడి, ఎవరికీ తెలియకుండా కారుతూ ఉండాలి. గోడలు పగలగొట్టనీ, నేలంతా తవ్వనీ, ఏమైనా కానీ. పైపు కారుతుంటే తప్పు పైపుది. కారకపోతే, వెనక గుమ్మం మెట్టు మీద ఏడాదిన్నరగా పడిన నీళ్లు ఎక్కడివో ఆయన తనకు తాను చెప్పుకోవాల్సి వస్తుంది. ఆమె జారిపడింది ఆ మెట్టు మీదే.

నిన్నటినుంచి ఇల్లు చల్లబడిపోయింది. బాయిలర్ మీద ఎర్రదీపం వెలిగి ఆరుతూ ఉంది, కుళాయిలో వేన్నీళ్లు లేవు, ఆ వేన్నీళ్లతో గదుల్ని వెచ్చబెట్టే రేడియేటర్లు ముట్టుకుంటే చేతికి ఇనుమే తప్ప ఇంకేమీ తగలడం లేదు. పొద్దున ఫోన్ చేస్తే ఆ అమ్మాయి, చలి ముదిరితే ఊళ్లో బాయిలర్లన్నీ కూడబలుక్కుని ఒకేరోజు అలుగుతాయి, నేను రేపటికిగానీ రాలేను, చెబుతా మీరే చెయ్యండి అంది. ప్లగ్గు పెట్టి ఉందా? ఉంది. గ్యాస్ వస్తోందా, పొయ్యి వెలిగించి చూడండి. వస్తోంది. అడుగున మీటరులో ముల్లు ఎంత మీదుంది? అక్కడ ఆయన ఆగిపోయాడు. పదకొండేళ్లుగా ఈ ఇంట్లో ప్రతి ఆదివారం ఆ ప్రశ్న అడిగినవాడు ఆయనే. మోకాళ్ల మీద కూర్చుని ఆ మీటరును చూడడం మాత్రం ఇదే మొదటిసారి.

"ముల్లు కనబడట్లేదమ్మా. ఎర్రచుక్క ఒకటే కనబడుతోంది."

"మీటర్లో ఎర్రచుక్క ఏంటి బాబాయ్ గారూ?"

"అది మేం పెట్టుకున్నది."

"ఫోన్ లైటేసి చూడండి. ముల్లు సన్నగా, వెంట్రుకలా ఉంటుంది."

లైటు వేస్తే కనబడింది. సున్నా దగ్గర పడుకుని ఉంది. అదీ సంగతి, నీళ్లు లేకపోతే అది మాత్రం ఏం చేస్తుంది పాపం, పక్కన నల్లమర మెల్లగా తిప్పండి, ఒకటిన్నర రాగానే కట్టెయ్యండి అంది. తిప్పాడు. గోడలో ఎక్కడో నీళ్లు సుయ్యిమన్నాయి. ముల్లు లేచి, ఒకటి దాటి, వెళ్లి ఎర్రచుక్క వెనక దాక్కుంది. కట్టేశాడు. అప్పుడు ఆ అమ్మాయి, పనిలో పనిగా అడిగినట్టు, వెనక గుమ్మం పక్కన గోడలోంచి వంకర రాగి గొట్టం ఒకటి బయటికొచ్చి ఉంటుంది చూడండి, దాని కింద తడిగా ఉంటుందా అంది.

"ఇప్పుడు లేదు. ఇదివరకు మెట్టంతా తడిగా ఉండేది."

"అయితే నీళ్లు ఎక్కువ నింపేవాళ్లన్నమాట. ముల్లు మూడు దాటితే మిగతాదంతా ఆ గొట్టంలోంచి బయటికి కక్కేస్తుంది. మంచిదే లెండి, లేకపోతే పేలిపోదూ? కాకపోతే ఈ చలికి కింద గడ్డకడుతుంది. కాస్త చూసుకుని నడవండి."

ఆ అమ్మాయికి ఏమీ తెలియదు. తనకు ఇది రోజుకు పది ఇళ్లలో చెప్పే మాట. మాస్టారు ఫోన్ ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకున్నాడు. ఎక్కువ నింపలేదమ్మా, ప్రతి ఆదివారం చూసే నింపేవాళ్లం, ఒకటిన్నర, అన్నాడు. తరగతిలో పిల్లలు హోంవర్కు చేశామని చెప్పే గొంతు అది. ఆయనకు బాగా తెలుసు. అయితే గోడలో పైపేదో కారి అక్కడ తేలుతోందేమో, చూస్తే పోలా, ఒక గంట, అంది ఆ అమ్మాయి.

ఆదివారం పొద్దున, కాఫీ కప్పులు కడగడం కూడా కాకముందే, ఆ పని మొదలయ్యేది. మేడమీద పడకగదిలో రేడియేటర్ పైభాగాన గాలి చేరుతుంది. గాలి చేరితే అడుగు వేడిగా, నెత్తి చల్లగా ఉంటుంది. మీకు సరిగ్గా తిరగేసి, అనేది ఆమె. బొటనవేలంత ఇత్తడి తాళంచెవితో దాని చెవి మెలిపెడితే గాలి బుస్సుమని పోయి, చివర్న ఒక నీటిచుక్క ఉమ్ముతుంది. అప్పుడు కింద నీళ్లు తగ్గుతాయి, తగ్గినంత నింపాలి. ఇద్దరు మనుషుల పని. తాళంచెవి ఆయనది, మీటరు ఆమెది. మధ్యలో పద్దెనిమిది మెట్లు. తన మోకాళ్లు వంగవని ఆయన ఎప్పుడో తేల్చేశాడు. పంతులుగారు ఎత్తులో నిలబడి అడగాలి, కిందవాళ్లు లేచి జవాబు చెప్పాలి, ఏ ఇంట్లోనైనా బడి బడే కదా, అని ఆమె దెప్పేది. పని ఆపేది కాదు. పైనుంచి ఆయన "ఎంత?" అని కేకేస్తే కిందనుంచి ఆమె చెప్పేది. పక్కింటావిడ ఒకసారి అడిగిందట, ప్రతి ఆదివారం మీ ఆయనా నువ్వూ ఇంట్లో ఏం బేరమాడుకుంటారమ్మా, ఒకటీ పావు, ఒకటిన్నర అని? ఆయన్నే అమ్మకానికి పెట్టా, ఎవరూ ఒకటిన్నర దాటట్లేదు, అందట ఈమె.

పది ఇరవై. ముల్లు చుక్క వెనకే ఉంది. పక్కనుంచి లైటు వేస్తే చుక్క అంచున సన్నటి నల్లగీత. తగ్గిందా? లేదు, మెడ కదిలింది. మోకాళ్ల కింద ఏదో మెత్తగా ఉందని ఇప్పుడు తెలిసింది. పాత తువ్వాలు, నాలుగు మడతలు వేసి, బాయిలర్ కింద గోడకు నెట్టి ఉన్నది. అది ఎప్పుడూ అక్కడే ఉండేది. నేల తుడిచే గుడ్డ అనుకునేవాడు. దాని మీద పక్కపక్కనే రెండు గుంటలు పడి ఉన్నాయి. ఆయన మోకాళ్లు వాటిలో ఇమడడం లేదు. గుంటలు చిన్నవి, దగ్గరగా ఉన్నాయి. ఆయన కాస్త పక్కకు జరిగి, మోకాళ్లు గచ్చు మీదే ఆనించాడు.

మొదటి ఏళ్లలో అంకెలన్నీ వినబడేవి. ఆయన పడకగదిలో రేడియేటర్ పక్కన నిలబడితే గోడలో నీళ్లు కొంచెం పారి, ఆగి, మళ్లీ కొంచెం పారేవి. ఆమె ఆపి ఆపి చూసేది. ఎంత? ఒకటీ పావు! ఇంకాస్త. ఒకటీ పావు మీద ఈగ వాలినంత! ఇంకాస్త. ఈగ సంసారాన్ని కూడా తెచ్చుకుంది! ఒకటిన్నరైందా? వెంట్రుకవాసి తక్కువ, ఆ వెంట్రుక మీ నెత్తిమీద ఎలాగూ లేదు గనక కట్టేస్తున్నా! ఆయన నవ్వేవాడు కాదు. పైనుంచి నవ్వితే కిందివాళ్లు పని చెడగొడతారని నలభై ఏళ్ల అలవాటు. ఒక ఆదివారం ఆలస్యమై, విసుగొచ్చి, మెట్ల దగ్గరికొచ్చి చెప్పాడు. ఈ ఈగలూ వెంట్రుకలూ ఎందుకు, నీ గోళ్లరంగు తెచ్చి ఒకటిన్నర మీద అద్దానికి ఒక చుక్క పెట్టు, ముల్లు చుక్క వెనక దాక్కుంటే కట్టెయ్, లెక్కతో పనే లేదు. ఆమె పెట్టింది. మంచి ఉపాయం చెప్పానని వారం రోజులు లోపల్లోపల మురిసిపోయాడు. ప్రశ్నపత్రంతో పాటే జవాబు కూడా రాసిచ్చానని అప్పుడు తట్టలేదు. ముల్లు కనబడకపోతే సరైనట్టు. కనబడకపోవడమే జవాబు.

ఎప్పుడు మారిందో సరిగ్గా గుర్తు లేదు. కిందటి చలికాలానికి ముందు చలికాలం చివర్న కావచ్చు. గోడలో నీళ్ల చప్పుడు మారింది. ఆగి ఆగి కాకుండా ఒకే ఊపున పారేది, ప్రతి ఆదివారం ఒకే పొడుగు, ఎవరో లోపల ముప్పై లెక్కపెట్టినట్టు. ఆ తర్వాత ఆమె గొంతు, "ఒకటిన్నర!" ఎంత అని ఆయన అడగకముందే. చెయ్యి తిరిగిపోయింది, అనుకున్నాడు. ఆ రోజుల్లోనే ఇల్లంతా ఎర్రచుక్కలు మొదలయ్యాయి. వాషింగ్ మెషీన్ మరకు రెండు చుక్కలు, ఇస్త్రీపెట్టెకు ఒకటి, ఓవెన్‌కు మూడు, ఒకదాని మీద ఒకటి పూసి వేలికి తగిలేంత ఎత్తుగా. సామాన్లన్నిటికీ తట్టు పోసినట్టుందే అన్నాడాయన. మీ ఉపాయమే మాస్టారూ, కాపీ కొట్టా, అంది. ఉత్తరమొస్తే మీరే చదవండి, మీ గొంతులో వింటే బాగుంటుంది అనేది. ఆయన గొంతు సవరించుకుని, కామాల దగ్గర ఆగుతూ చదివేవాడు. కళ్లజోడు పదిసార్లు తుడుచుకునేది. ఫ్రిజ్ తలుపు సరిగా పట్టట్లేదంటే రబ్బరు మధ్య కాగితం ముక్క పెట్టి లాగి చూసింది, కాగితం జారలేదు, రబ్బరు బాగానే ఉంది. కింద అరలో పెరుగు గిన్నె అడ్డుపడి తలుపు వేలెడు తెరిచే ఉందని ఆయన వచ్చి చూపించాడు. ఎదురుగా ఉన్నది కనబడదూ, అన్నాడు. కనబడదు, అంది ఆమె. ఆ ఒక్కసారీ నిజమే చెప్పింది. ఆయన దాన్ని ఎదురుసమాధానం కింద జమకట్టేశాడు.

ఆమె పోయాక, బట్టలు సర్దడానికి వచ్చిన మరదలికి కోటు జేబులో కంటి డాక్టరు చీటీ దొరికింది. ఆమె పడిపోయిన రోజుకు మూడు వారాల తర్వాతి బుధవారం తేదీ వేసి ఉంది. అక్క మీకు చెప్పలేదా బావగారూ, అంది మరదలు. చెబితే మీటరు డ్యూటీ పీకేస్తారంది, ఆపరేషన్ అయ్యాక చెబుతానంది, నేను నవ్వులాటనుకున్నా. మరదలు ఆ చీటీని బల్లమీద పెట్టి, అరచేత్తో రెండుసార్లు ఒత్తి సాపు చేసింది.

పది ముప్పై అయిదు. జారిపో. తరగతిలో ఆయనకు ఒక పేరుండేది, చూశావా మాస్టారని. లెక్కకు జవాబొక్కటే రాసి, మధ్యలో చేసిన పని చూపించకపోతే, జవాబు సరైనదైనా ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసేవాడు. చూసి చెప్పావా, ఊహించి చెప్పావా? పెద్దపరీక్షల్లో కూడా పిల్లలు ఆయన గొంతు వినబడి ఇంకో వరుస రాసేవాళ్లట. అలాంటివాడు ఏడాదిన్నర, ఎనభై ఆదివారాలు, మెట్ల పైన నిలబడి, మధ్య పని ఏమీ లేని ఒకే ఒక్క జవాబు తీసుకున్నాడు, ఆ జవాబు తనకు కావాల్సింది గనక. పద్దెనిమిది మెట్లు. ఒక్కసారి దిగి ఉంటే. ఒక్కసారి, ఏదీ జరుగు నేను చూస్తా, అని ఉంటే. మెట్టు తడిసి ఉండడం చూశాడు. చూరునుంచి అనుకున్నాడు. చూరు బాగుచేసేవాణ్ని పిలవాలని క్యాలెండర్ మీద రాసుకున్నాడు, రెండుసార్లు. ఆదివారం మధ్యాహ్నానికే తడి ఎక్కువగా ఉండేదని ఇప్పుడు గుర్తొస్తోంది, మధ్యాహ్నానికి నీళ్లు కాగి, ముల్లు మూడు దాటి, గొట్టం కక్కే వేళకి. సోమవారం పొద్దుటికి అది గాజులా ఉండేది.

సోమవారం పొద్దునే. బల్లమీద గుడ్డ దులపడానికి వెనక్కి వెళ్లింది, రొట్టె పొడి పిచ్చుకలకని. అరుపు కూడా లేదు. గుడ్డ దులిపిన చప్పుడు, ఆ తర్వాత చీపురు కింద పడ్డట్టు ఒక చప్పుడు, అంతే. ఆయన పేపరులో వాక్యం పూర్తిచేసి లేచాడు. ఆ వాక్యం ఏమిటో ఇప్పటికీ గుర్తుంది. తుంటి విరిగింది. ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని, భయానికి ఇంకే మాటా దొరక్క, చూసుకుని నడవొద్దూ, అన్నాడు. చూసుకునే నడిచా మాస్టారూ, అంది ఆమె. ఎప్పటిలాగే ఎదురుసమాధానం. ఆయన తల అడ్డంగా ఊపాడు. నలభై ఏళ్లలో ఆమెతో మాట్లాడిన లెక్కలేనన్ని మాటల్లో ఆ ఒక్కటి వెనక్కి తీసుకునే వీలుంటే చాలు. పన్నెండో రోజున ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, ముసలి ఎముకలు పడుకోబెడితే అంతే మాస్టారూ అన్నాడు డాక్టరు, పడడం ఒక వంక మాత్రమే.

ఆమె పోయాక కూడా ఆదివారాలు వచ్చాయి. ఆయన తన సగం పని తాను చేశాడు. మేడెక్కి, తాళంచెవి పెట్టి, బుస్సుమనిపించి, నీటిచుక్క తుడిచి, మెట్ల దగ్గరికొచ్చి నిలబడేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. కాసేపు నిలబడి, వెళ్లి మంచం మీద కూర్చునేవాడు. ఏడు ఆదివారాలు గాలి తీసినవాడున్నాడు గానీ నీళ్లు నింపినవాళ్లు లేరు. ముల్లు సున్నాకు వచ్చి పడుకుందంటే అందుకేనేమో. ఆ ఏడు వారాలూ మెట్టు పొడిగా ఉందంటే కూడా అందుకేనేమో. కాదు. పైపు కారుతూ ఉండొచ్చు. లోపల నీళ్లే లేకపోతే కారడానికేముంది? ఇప్పుడున్నాయిగా. ఇప్పుడు కారాలి. పది నలభై ఎనిమిది. నల్లగీత చుక్క అంచున, వెంట్రుకవాసి కూడా కదలకుండా, నిలబడమన్న చోట నిలబడిన పిల్లలా ఉంది.

ఆసుపత్రిలో రెండో ఆదివారం, పదమూడు రోజులు నిండిన పూట, ముక్కు దగ్గర గొట్టంతో ఆమె కళ్లు తెరిచి, ఇవాళ వారం ఏంటి అంది. ఆదివారమన్నాడు. ముల్లు ఎంత? అంది. ఆయన ఇంటికి వెళ్లి మూడు రోజులైంది. బాయిలర్ ఉందో ఊడిందో కూడా తెలియదు. ఒకటిన్నర, అన్నాడు వెంటనే, ఆలోచించకుండా, ఆమె గొంతులో విని విని అలవాటైన ఆ తీరులోనే. చూశారా? అంది. చూశా. ఆమె నవ్వింది. ఆయన చేతి మీద రెండుసార్లు తట్టింది, బాగా చెప్పిన పిల్లల వీపు మీద ఆయన తట్టినట్టే. అలాగే ఉండనివ్వండి, అంది. ఆ తర్వాత ఆమె మాట్లాడింది మంచినీళ్ల కోసమే.

ఇన్నాళ్లూ ఆ నవ్వు ప్రేమ అనుకున్నాడు. ప్రేమే. కానీ అందులో ఇంకొకటి కూడా ఉందని, బాయిలర్ కింద మెడ వాల్చి కూర్చున్న మాస్టారుకు ఇప్పుడు తెలిసింది. చూడకుండా చెప్పే ఒకటిన్నర ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఎందుకు చెబుతారో కూడా తెలుసు. అడిగినవాళ్లు తేలిగ్గా ఊపిరి పీల్చుకోవాలని చెబుతారు. ఆయన అబద్ధాన్ని పట్టుకుంది, పట్టుకుని పూర్తి మార్కులు వేసింది. ఆమె జాగాలో తనుంటే ఎర్రసిరాతో కొట్టేసేవాడు.

ఫోన్ మోగింది. పదకొండూ అయిదు.

"ఎంతుంది బాబాయ్ గారూ?"

ఆయన లైటు వేశాడు. ఎదురుగా చూశాడు, ఎడమనుంచి చూశాడు, కుడినుంచి చూశాడు. తొందర పడలేదు. అటువైపు ఆ అమ్మాయి ఎవరింట్లోనో దేన్నో రెంచీతో విప్పుతున్న చప్పుడు వినబడుతోంది.

"ఒకటిన్నర."

"చూసే చెబుతున్నారా? ఏమనుకోకండి. చాలామంది చూడకుండానే చెప్పేస్తారు, ఫోన్ పెట్టేస్తే చాలని."

"చూసే చెబుతున్నానమ్మా."

"అయితే మీ పైపులకేం రాయిలా ఉన్నాయి. నే చెప్పలా, అప్పుడు ఎక్కువ నింపుంటారు. అంతే, ఇంకే రోగమూ లేదు."

"అవునమ్మా," అన్నాడు మాస్టారు. "అంతే."

"ఏంటి బాబాయ్ గారూ, గొంతు అలా ఉందేం? చలిలో కూర్చున్నారా గంటసేపూ? దుప్పటి కప్పుకోపోయారా! సరే వినండి, బటన్ ఇప్పుడే నొక్కకండి. చల్లగా ఉన్నప్పుడే మేడమీద గాలి తీసెయ్యండి. తీస్తే ముల్లు మళ్లీ కాస్త దిగుతుంది, దిగినంత నింపి అప్పుడు నొక్కండి. కింద మీటరు చూడ్డానికి ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?"

వంటింట్లో ఫ్రిజ్ ఒకసారి ఒణికి ఆగింది.

"నేనే చూసుకుంటా," అన్నాడు.

పద్దెనిమిది మెట్లు ఎక్కాడు. తాళంచెవి కిటికీ గట్టు మీద, దాని చోట అది ఉంది. మెలిపెడితే గాలి సన్నగా, చాలాసేపు బుస్సుమంది, ఇంత గాలి ఎక్కడ దాక్కుందో అన్నట్టు. చివర్న నీటిచుక్క ఆయన వేలి మీద పడింది, చల్లగా. బిగించి, వేలు తుడుచుకుని, మెట్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. నోరు తెరుచుకుంది. కింద వంటింటి గుమ్మం, గచ్చు మీద పడిన కిటికీ వెలుతురు, ఆ వెలుతురులో తువ్వాలు మూల ఒకటి కనబడుతున్నాయి. నోరు మూసుకున్నాడు. పక్కకు తిరిగి, మెట్ల పక్క కమ్మీ రెండు చేతులా పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి, దిగాడు. బాయిలర్ దగ్గరికి వెళ్లి, తువ్వాలు మీద ఆ రెండు గుంటల్లోనే, ఇమడకపోయినా ఇమిడ్చి, మోకాళ్లు పెట్టాడు. మెడ వాల్చి లైటు వేశాడు. ముల్లు చుక్క చాటునుంచి బయటికి వచ్చి నిలబడి ఉంది, సన్నగా, నల్లగా, చూసేవాళ్లకి స్పష్టంగా. ఆయన కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఒకటీ పావు," అన్నాడు, మేడమీదికి వినబడేంత గట్టిగా.

లైటు ఇంకాస్త దగ్గరగా పట్టాడు.

"ఒకటీ పావు మీద, ఈగ వాలినంత."